జీఎస్టీ రేట్లు మారే వారం ముందు టాలీ మెషీన్ డిస్క్ మార్చడం: ఒక చెన్నై కేస్ స్టడీ

2025 సెప్టెంబర్ మొదటి వారం. చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్‌లో ఆటో స్పేర్ పార్టుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ నుంచి, కంప్యూటర్ సర్వీసు చేసే నాకు ఫోన్. ఓనర్ గారిది నెల్లూరు, సరుకు కూడా ఎక్కువగా నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపే పోతుంది. ఆఫీసు మొదటి అంతస్తులో, గోడౌన్ మాధవరంలో, మొత్తం పన్నెండు సిస్టమ్‌లు. ఆయన అడిగింది ఒక్కటే. "కౌంటర్లు మరీ స్లో అయిపోయినాయి అబ్బాయ్, వాటికి ఎస్‌ఎస్‌డీలు వేసెయ్. 22 నుంచి ఇట్లా అయితే తట్టుకోలేం." కౌంటర్లంటే బిల్లులు కొట్టే సిస్టమ్‌లు, ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే పళ్ళెం లేకుండా చిప్‌లలో డేటా దాచే వేగమైన డిస్క్.

22 ఎందుకంటే, సెప్టెంబర్ 3న జరిగిన 56వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో ఆటో పార్టులన్నిటికీ ఒకే రేటు, 18 శాతం, అని తేల్చారు. అంతకుముందు చాలావాటి మీద 28 ఉండేది. కొత్త రేటు 22 నుంచి అమలు. ఇంకేముంది, ఊళ్ళలోని రిటైల్ షాపులవాళ్ళు ఆర్డర్లు ఆపేసి కూర్చున్నారు, 22 ఉదయం నుంచి అందరూ ఒక్కసారిగా మీద పడతారు, వెంటనే ఆయుధపూజ, దసరా. అంటే రెండు వారాలు బిల్లింగ్ చల్లగా, ఆ తర్వాత రెండు వారాలు ఊపిరాడదు. ఈ క్యాలెండర్ గుర్తుపెట్టుకోండి, కేసు మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

నేను వెళ్ళేసరికి టేబుల్ మీద రెండు కొటేషన్లు ఉన్నాయి. ఒకటి పన్నెండు సిస్టమ్‌లూ తీసేసి కొత్తవి పెట్టడానికి, ఒక్కోటి 45 వేల చొప్పున 5 లక్షల 40 వేలు. రెండోది ఎవరో కంప్యూటర్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్ నుంచి తెచ్చినది, పేరెప్పుడూ వినని బ్రాండ్ 256 జీబీ ఎస్‌ఎస్‌డీలు అన్నిటికీ, ఫిట్టింగ్ ఫ్రీ. రెండిటిలోనూ ఒకటే లోపం. రాసినవాళ్ళు ఒక్క సిస్టమ్ కూడా తెరిచి చూడలేదు.

నేను కొనడం గురించి మాట్లాడే ముందు ప్రతి డిస్క్ ఆరోగ్యం చూస్తాను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత టూల్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వెళ్తే సిస్టమ్‌కి రెండు నిమిషాలు చాలు. డిస్క్ తన గురించి తానే రాసుకునే లెక్కలుంటాయి, స్మార్ట్ డేటా అంటారు. అందులో నేను ముందు చూసేవి నాలుగే. 05, అంటే పాడైపోయి డిస్క్ పక్కన పెట్టేసిన సెక్టార్లు (డేటా దాచే చిన్న గళ్ళు). సీ5, అంటే చదవలేకపోయినవి, ఇంకా ఏమీ తేల్చనివి. సీ6, స్కాన్‌లో కూడా చదవడం కుదరనివి. సీ7, కేబుల్ దారిలో వచ్చిన తప్పులు. ఈ టూల్‌లో ఆ అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో, అంటే పదికి బదులు పదహారుల లెక్కలో, కనిపిస్తాయి కాబట్టి 18 అని ఉంటే పద్దెనిమిది అనుకోకూడదు, అది 24.

కౌంటర్లు మూడూ నాలుగో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. నీరసంగా ఉన్నాయి గానీ డిస్క్‌లు శుభ్రం. సేల్స్ డెస్క్ దగ్గరున్న ఆరో తరం సిస్టమ్ గురించి "దీని డిస్క్ పోయింది, మార్చాలని ఎవరో చెప్పారు సార్" అన్నారు. చూస్తే 05, సీ5 రెండూ సున్నా, సీ7 మాత్రం వేలల్లో ఉంది. తప్పు డిస్క్‌ది కాదు, దాన్ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్‌ది. వంద రూపాయల కేబుల్ మార్చాం. ఆ అంకె తగ్గదు, తిరిగి సున్నాకి రాదు, పెరగడం ఆగితే చాలు. ఆగింది. అకౌంట్స్‌లో రెండు ఎనిమిదో తరం సిస్టమ్‌లు, హార్డ్ డిస్క్‌లు బాగున్నాయి. సేల్స్‌లో మిగతా రెండిటికి ఎస్‌ఎస్‌డీ ముందే ఉంది.

ఇక ఎవరూ కంప్లైంట్ చేయని మెషీన్. మూల గదిలో, ప్రింటర్ పేపర్ అట్టపెట్టెల వెనక, టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ డేటా ఉండే టవర్. దానికి మానిటర్ కూడా లేదు, వేరేచోటి నుంచి తెచ్చి పెట్టాల్సి వచ్చింది. 1 టీబీ హార్డ్ డిస్క్, పవర్ ఆన్ అవర్స్ 52 వేలు దాటింది, అంటే దాదాపు ఆరేళ్ళు రాత్రీ పగలూ తిరిగింది. టూల్‌లో పసుపు రంగులో కాషన్ అనే హెచ్చరిక. 05 దగ్గర 30, అంటే 48 సెక్టార్లు. సీ5 దగ్గర 18, అంటే 24. మర్నాడు చూస్తే 05 ఇంకొంచెం పెరిగింది.

ఒక పెండింగ్ సెక్టార్ ఉన్నంత మాత్రాన డిస్క్ రేపే పోతుందని కాదు. సంవత్సరాలు నడిచినవీ చూశాను. కానీ పెరుగుతోందంటే లెక్క వేరు. అలాంటి డిస్క్ మీద నేను పందెం కాయను, అందులోనూ కంపెనీ పుస్తకాలన్నీ దాని మీదే ఉన్నప్పుడు.

స్లో కావడానికి కారణం కూడా ఇక్కడే దొరికింది. 7200 ఆర్‌పీఎం డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీ సెకన్లు. కావలసిన సెక్టార్ డిస్క్ చదివే తల (హెడ్) కిందికి వచ్చేసరికి సగటున అందులో సగం, తల అక్కడికి జరగడానికి మరో ఎనిమిదో తొమ్మిదో. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలు చదవాలంటే సెకనుకి ఇంచుమించు ఎనభై పనులు చేస్తుంది, అంతే. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ అదే పని సెకనుకి పదుల వేలు చేస్తుంది. ఆ ఎనభైలోనే ముగ్గురు కౌంటర్ వాళ్ళు, ఇద్దరు అకౌంట్స్ వాళ్ళు, పదకొండు గంటలకి మొదలయ్యే యాంటీవైరస్ స్కాన్, పైగా చదవలేని సెక్టార్ దగ్గర డిస్క్ మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ ఆగిపోయే క్షణాలు. కౌంటర్ దగ్గర కుర్రాడికి కనిపించేది "నా సిస్టమ్ హ్యాంగ్ అయింది" అని. హ్యాంగ్ అయింది వాడి సిస్టమ్ కాదు.

బ్యాకప్ ఉందా అని అడిగాను. ఉంది, రోజూ అవుతుంది అన్నారు. టవర్‌కి ఎప్పుడూ తగిలించే ఉండే ఎక్స్‌టర్నల్ డిస్క్, రాత్రి తొమ్మిదికి డేటా కాపీ చేసే బ్యాచ్ ఫైల్ అనే చిన్న ప్రోగ్రాం నడుస్తుంది, లాగ్‌లో ప్రతిరోజూ సక్సెస్. ఫోల్డర్ తెరిచి తేదీల వారీగా పెట్టి చూస్తే అన్నిటికన్నా కొత్త ఫైల్ 2021 మార్చిది. జరిగిందేమిటంటే, పాత వెర్షన్ టాలీ ఈఆర్‌పీ 9 నుంచి కొత్త టాలీప్రైమ్‌కి మారినప్పుడు అప్పటి సర్వీసు వాళ్ళు డేటాని కొత్త ఫోల్డర్‌లో పెట్టారు, బ్యాచ్ ఫైల్ మాత్రం పాత ఫోల్డర్‌నే నాలుగేళ్ళుగా నమ్మకంగా కాపీ చేస్తోంది. కాపీ చేయమన్నది చేసింది కాబట్టి సక్సెస్ అనే చెబుతుంది. పాపం దాని తప్పేముంది.

ఇది విన్నాక ఓనర్ గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏందబ్బా ఇది" అన్నారు.

ఇక్కడి నుంచి అసలు లెక్క. చట్టం ప్రకారం చూస్తే, కంపెనీల చట్టం 2013 సెక్షన్ 128 కింద లెక్కల పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు భద్రంగా ఉంచాలి, ఎలక్ట్రానిక్‌గా ఉంచితే మన దేశంలోనే ఉన్న సర్వర్‌లో రోజూ బ్యాకప్ ఉండాలి. గతంలో నిర్ణీత వ్యవధిలో అని ఉండేది, 2022 ఆగస్టులో దాన్ని రోజూ అని మార్చారు. జీఎస్టీ కింద వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. అంటే ఆ టవర్ పోతే పోయేది ఈ నెల బిల్లులు మాత్రమే కాదు.

ఒక రోజు ఆగితే ఎంత అన్నది ఓనర్ గారినే లెక్కేయమన్నాను, ఎందుకంటే ఆ అంకె నేను చెబితే అమ్మడానికి చెబుతున్నట్టు ఉంటుంది. టర్నోవర్ 5 కోట్లు దాటింది కాబట్టి ఈ-ఇన్వాయిస్, అంటే బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం, తప్పనిసరి. రాష్ట్రం దాటే సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు అనే రవాణా పత్రం లేకుండా పార్సిల్ సర్వీసు వాడు పెట్టె ముట్టుకోడు. పోర్టల్‌లో నేరుగా కొట్టుకోవచ్చు గానీ పార్టుల వ్యాపారంలో ఒక్కో బిల్లులో ముప్పై నలభై ఐటమ్‌లు, చేత్తో ఎన్నని కొడతారు? కూర్చున్న స్టాఫ్ జీతాలు, వెనక్కి పోయిన లారీ, వేరే షాపుకి ఫోన్ చేసుకున్న నెల్లూరు కస్టమర్. ఆయన కాగితం మీద రాసుకుని, అంకె నాకు చూపించకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎస్‌ఎస్‌డీ ధర గురించి మళ్ళీ బేరం ఆడలేదు.

డేటా పోతే తిరిగి తీసిచ్చే రికవరీ ల్యాబ్ ఉందిగా అంటారు కొందరు. డిస్క్ విప్పాల్సిన పరిస్థితి వస్తే ల్యాబ్ అడిగే డబ్బు చాలాసార్లు కొత్త కంప్యూటర్ ధర దాటుతుంది, వస్తుందన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వరు, టైమ్ వారాల్లో ఉంటుంది.

ఆ సాయంత్రమే, ఇంకే నిర్ణయం తీసుకోకముందే, టాలీ డేటా ఫోల్డర్, బిల్లుల పీడీఎఫ్‌లు, బ్యాంక్ ఫైళ్ళు కొత్త ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేశాం. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద ముందు క్లోన్ మొదలుపెట్టకూడదు. క్లోన్ అంటే డిస్క్ మొత్తాన్ని అచ్చు గుద్దినట్టు కాపీ చేయడం, ఖాళీ జాగాలో చెత్తతో సహా డిస్క్‌ని గంటలకొద్దీ రాపిడి పెట్టడం. ముందు తిరిగి సంపాదించలేనివి బయటపడాలి, విండోస్ పోతే పోయింది.

తర్వాత ఎప్పుడు మార్చాలి అనే చర్చ. ఓనర్ గారి మాట, దసరా అయ్యాక. "ఆరేళ్ళు నడిచింది, ఇంకో నెల నడవదా?" నడవచ్చు. కానీ ఆ నెలలోనే దాని మీద ఎక్కువ బరువు పడుతుంది. 22న టాలీలోని మాస్టర్లలో, అంటే వేల ఐటమ్‌ల జాబితాలో, రేటు మార్చాలి, ఆ వెంటనే బిల్లుల వరద. నాకు కనిపించిన ఖాళీ ఆదివారాలు రెండే, 14, 21. 11తో జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్న్ అయిపోతుంది, 20న పన్ను కట్టే రిటర్న్ 3బీ. 21 అంటే రేట్ల మార్పుకి ముందురోజు, ఏదైనా తేడా వస్తే సర్దుకోవడానికి రాత్రి తప్ప టైమ్ లేదు. పైగా ఆ రోజు మహాలయ అమావాస్య. అక్కడ ఓ చిన్న వినోదం జరిగింది. ఆఫీసులో తమిళ కుర్రాడు "అమావాస్య మంచి రోజు సార్, మావాళ్ళు కొత్త పనులు ఆ రోజే మొదలుపెడతారు" అన్నాడు. నెల్లూరు ఓనర్ గారు "అమావాస్య నాడు ఇనుప వస్తువు విప్పుతారంట్రా" అని వాడి వైపు చూసిన చూపుతో 21 కొట్టేశాం. నా కారణం వేరే అయినా, దారి ఒకటే అయింది.

కాబట్టి 14. డిస్క్ మార్చడంలోనూ రిస్క్ ఉంటుంది కదా, దానికీ సమాధానం ఉండాలి. పాత డిస్క్ మీద ఏమీ రాయం, చెరపం. ఆదివారం రాత్రి ఎనిమిదికల్లా లెక్కలు సరిపోకపోతే పాత డిస్క్ తిరిగి పెట్టేసి, తాజా బ్యాకప్ పక్కన ఉంచుకుని, సోమవారం నడిపిస్తాం. ఇది ముందే కాగితం మీద రాసి ఆయన చేత ఊ అనిపించుకున్నాను. రాత్రి పదకొండుకి అలసిపోయిన బుర్రతో తీసుకునే నిర్ణయాల మీద నాకు నమ్మకం లేదు.

ఏ డిస్క్ కొనాలి? సరిపోయేది 500 జీబీ, డేటా మొత్తం కలిపినా నూరు జీబీ లేదు. పేరులేని బ్రాండ్ వద్దన్నాను. స్పీడ్ గురించి కాదు, మొదటి నెల అవీ పరుగెడతాయి. వాటి జీవితకాలంలో మొత్తం ఎన్ని టెరాబైట్ల డేటా రాయొచ్చో, అంటే టీబీడబ్ల్యూ, చెప్పి ఉండదు, లోపల డిస్క్‌ని నడిపే కంట్రోలర్ ఏదో, ఏ చిప్ పెట్టారో ఒక్కో లాట్‌కి మారిపోతుంది, కొన్నిట్లో కెపాసిటీయే అబద్ధం. కొన్నవాళ్ళు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి టూల్‌తో నిండా రాసి, తిరిగి చదివి చూసుకోవాలి. శాంసంగ్ 870 ఈవో 500 జీబీకి కంపెనీ ఇచ్చే హామీ 300 టీబీడబ్ల్యూ, ఐదేళ్ళ వారంటీ. ఈ టవర్ రోజుకి 20 జీబీ రాస్తుందనుకున్నా 300 టీబీ అరిగిపోవడానికి 15 వేల రోజులు, నలభై ఏళ్ళు. అంటే ఆఫీసు వాడకంలో ఎస్‌ఎస్‌డీ అరిగి చావడం దాదాపు ఉండదు. అది చచ్చేది కరెంటు దెబ్బకి, కంట్రోలర్ పోయి, ఫర్మ్‌వేర్ (డిస్క్ లోపలి సాఫ్ట్‌వేర్) తప్పుకి. చప్పుడు చేయదు, ముందుగా నెమ్మదించదు, చాలాసార్లు పొద్దున ఆన్ చేస్తే బయోస్‌లో కనిపించదు, అంతే. హార్డ్ డిస్క్ కనీసం మూలుగుతుంది. అందుకే ఎస్‌ఎస్‌డీ వేస్తే రిస్క్ తగ్గిందనుకోవడం పొరపాటు, తగ్గేది ఎదురుచూపు.

యూపీఎస్ బ్యాటరీ చూస్తే ప్లగ్ తీయగానే టవర్ ఆరిపోయింది. బ్యాటరీ మార్పించాం, 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్‌ది, సుమారు వెయ్యి రూపాయలు. రాస్తున్నప్పుడు కరెంటు పోతే తట్టుకునేలా కెపాసిటర్లుండే డేటా సెంటర్ రకం ఎస్‌ఎస్‌డీలు ఉన్నాయి, మంచివే, కానీ ఐదుగురు వాడే టాలీకి ఆ డబ్బు బ్యాటరీ మీద పెడితే మెషీన్ మొత్తానికీ పనికొస్తుంది.

ఓనర్ గారి స్నేహితుడొకరు రెయిడ్ వేయించమన్నారట. రెండు డిస్క్‌లు అద్దంలా ఒకటే రాసుకుంటాయి, ఒకటి పోయినా రెండోది నడుపుతుంది. మంచిదే. కానీ ఎవరైనా డేటా డిలీట్ చేస్తే రెండిట్లోనూ డిలీట్ అవుతుంది, ర్యాన్సమ్‌వేర్ వస్తే రెండూ లాక్ అవుతాయి, మదర్‌బోర్డో, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్సో పోతే రెండు డిస్క్‌లూ నిక్షేపంగా ఉండి ఆఫీసు ఆగిపోతుంది. ఒకేసారి కొన్న ఒకే లాట్ డిస్క్‌ల సంగతి మరీ జాగ్రత్త. 2019 నవంబర్‌లో సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ తన సర్వర్ ఎస్‌ఎస్‌డీలు కొన్నిట్లో ఫర్మ్‌వేర్ తప్పు ఉందని ప్రకటించింది, సరిగ్గా 32,768 గంటలు నడిచాక అవి చచ్చిపోతాయి, డేటా తిరిగి రాదు. ఒకే రోజు ఆన్ చేసిన రెండు డిస్క్‌ల అద్దం అదే గంటకి పగులుతుంది. వాటికి అప్‌డేట్ వచ్చింది, ఆ కథ ముగిసింది, నేను మాత్రం అప్పటి నుంచి రెయిడ్‌కి రెండు వేర్వేరు కంపెనీల డిస్క్‌లు తీసుకుంటాను.

ఇక్కడ రెయిడ్ బదులు నేను చెప్పింది స్టాండ్‌బై. అకౌంట్స్‌లోని ఎనిమిదో తరం సిస్టమ్ ఒకదాంట్లో టాలీప్రైమ్ సిద్ధంగా, టవర్ నుంచి గంటగంటకీ డేటా కాపీ దానికి వచ్చేలా. టవర్‌లో ఏ పార్టు పోయినా అరగంటలో దీని మీద నడుస్తుంది. దీనికోసం కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు, దాని హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయడం తప్ప. అదెలాగూ వేయాల్సిందే. ఒక్క అడ్డు వచ్చింది. వేరే మెషీన్ మీద టాలీ లైసెన్స్ యాక్టివేట్ చేస్తే అన్‌లాక్ కీ అడ్మిన్ మెయిల్‌కి వస్తుంది, ఆ మెయిల్ ఐడీ ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిన ఒకాయన సొంతది. ఆయనకి ఫోన్ చేసి, మంచిగా మాట్లాడి, కంపెనీ మెయిల్‌కి మార్పించుకున్నాం. ఆదివారం రాత్రి ఇది బయటపడి ఉంటే ఎస్‌ఎస్‌డీ ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు. డిస్క్ మార్చే ముందు లైసెన్స్ సీరియల్ నంబర్, మెయిల్, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరున్నాయో అడగండి, దయచేసి.

శనివారం 13 సాయంత్రం అకౌంట్స్ చూసే పెద్దాయన చేత రెండు కాగితాలు ప్రింట్ తీయించాను. ఒకటి ట్రయల్ బ్యాలెన్స్, అంటే అన్ని ఖాతాల నిల్వల పట్టీ, రెండోది రోజువారీ ఎంట్రీలుండే డేబుక్ చివరి పేజీ, చివరి బిల్లు నంబర్ కింద పెన్నుతో గీత గీయించి, సంతకం పెట్టించి. అందరూ లాగౌట్ అయ్యాక టవర్‌ని లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పాత డిస్క్‌ని డీడీరెస్క్యూ అనే టూల్‌తో ఇంకో 1 టీబీ డిస్క్‌లోకి ఇమేజ్ (అచ్చు కాపీ) పెట్టి ఇంటికి పోయాం. ఈ టూల్ గొప్పతనం ఏమిటంటే, చదవలేని చోట పట్టుకుని వేలాడదు. దాన్ని గుర్తు రాసుకుని దాటేస్తుంది, బాగున్న భాగమంతా ముందు లాగేసి, ఆఖర్న ఆ పాడైన చోట్లకి తిరిగొచ్చి గోకుతుంది. మధ్యలో ఆగినా మ్యాప్ ఫైల్ చూసుకుని అక్కడి నుంచే మొదలుపెడుతుంది. పొద్దున చూస్తే రానివి కొన్ని కేబీలు మాత్రమే మిగిలాయి, అవి పడింది ఒక పాత ఇన్‌స్టాలర్ ఫైల్ మీద. అదృష్టం అనే అనాలి.

క్లోన్ చేసిన విండోస్‌నే ఎస్‌ఎస్‌డీలో పెట్టొచ్చు, టైమ్ మిగిలేది. నేను కొత్తగా విండోస్ వేయించాను. చదవలేని సెక్టార్లున్న డిస్క్ నుంచి వచ్చిన విండోస్‌లో ఏ ఫైల్ సగం పాడైందో ఎవరికి తెలుసు, మూడు నెలల తర్వాత ఏదో వింత ఎర్రర్ వస్తే దాన్ని వెతకడానికి పట్టే టైమ్ ముందు ఈ ఆదివారం ఎంత? ప్రింటర్లు, షేర్ పర్మిషన్లు, స్టాటిక్ ఐపీ, అన్నీ ముందే ఫోటోలు తీసుకుని ఉన్నాం కాబట్టి సాయంత్రానికి అయింది. యాంటీవైరస్ స్కాన్‌ని రాత్రికి మార్చాం. పెద్దాయన ఆదివారమైనా వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, స్క్రీన్ మీది ట్రయల్ బ్యాలెన్స్‌ని శనివారం కాగితంతో లైను లైనుకీ వేలు పెట్టి చూశారు. పైసలతో సహా సరిపోయింది. చివరి బిల్లు నంబర్ అదే. అప్పుడు స్టాండ్‌బై మెషీన్‌లో కూడా తెరిచి మళ్ళీ చూపించాం. రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్ లెక్కలో వేసుకోను, ఈ ఆఫీసులో కారణం చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు.

సోమవారం కౌంటర్ కుర్రాళ్ళు ఫోన్ చేసి థ్యాంక్స్ చెప్పారు, సిస్టమ్‌లు కొత్తవైనట్టు ఉన్నాయని. కౌంటర్లని మేం ముట్టుకోనేలేదు.

ఓనర్ గారు వెంటనే పట్టుకున్నారు. "మరి ఇంక కౌంటర్లకి ఎస్‌ఎస్‌డీలు దేనికి?" సరైన ప్రశ్న. అవి నాలుగో తరం, విండోస్ 11 రాదు, దానికి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా కావాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కంపెనీలకి ఇచ్చే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల ధర మొదటి ఏడాది మెషీన్‌కి 61 డాలర్లు, రెండో ఏడాది రెట్టింపు, మూడో ఏడాది మళ్ళీ రెట్టింపు. అంత పాత బాక్స్‌కి అది కట్టడం నాకు నచ్చదు. దాంట్లో డీడీఆర్3 ర్యామ్ వేయడం అంతకన్నా దండగ, తీసి ఇంకెక్కడా పెట్టలేం. సాటా ఎస్‌ఎస్‌డీ అయితే రేపు వేరే మెషీన్‌లోకి పోతుంది, ర్యామ్ పోదు. నేను పాత సిస్టమ్‌ల మీద పెట్టే డబ్బంతా ఈ ఒక్క ప్రశ్నతోనే తేలుస్తాను. కౌంటర్లకి ఏమీ కొనకుండా దసరా అయ్యాక ఎనిమిదో తరం రీఫర్బిష్డ్ (వాడినవి బాగుచేసి అమ్మే) సిస్టమ్‌లు మూడు, ఒక్కోటి 17 వేల చొప్పున, తెచ్చాం. వాటిలోనూ డిస్క్ గంటలు చూశాం, విండోస్ లైసెన్స్ అసలుదో కాదో చూశాం, ఒకటి వెనక్కి పంపి వేరేది తెచ్చుకున్నాం.

ఓనర్ గారి ల్యాప్‌టాప్‌లో 5400 ఆర్‌పీఎం డిస్క్, పక్కన చిన్న ఎస్‌ఎస్‌డీ పట్టే ఎం.2 స్లాట్ ఖాళీ. ఖాళీ ఉంది కదా అని కొనేయకూడదు, కొన్ని స్లాట్‌లు సాటా మాత్రమే తీసుకుంటాయి, కొన్ని అంతకన్నా వేగమైన ఎన్‌వీఎంఈ రకం, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. మోడల్ మాన్యువల్ చూసి 500 జీబీ ఎన్‌వీఎంఈ వేశాం. దాంట్లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంది, ఆయనకి తెలియదు. 48 అంకెల రికవరీ కీ వాళ్ళబ్బాయి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరికింది. కీ చేతికొచ్చాకే స్క్రూడ్రైవర్ తీశాను. వాళ్ళబ్బాయి సిస్టమ్‌లో 256 జీబీ నిండిపోయింది, 1 టీబీ కావాలన్నాడు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ చేయించాం, ఇప్పటికి సరిపోయింది.

గోడౌన్ సిస్టమ్‌కి డిస్క్ మార్చలేదు, నేల మీద నుంచి తీసి పై ర్యాక్‌లో పెట్టించాం. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు చెన్నైని ఎలా ముంచిందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. గోడౌన్ సీసీటీవీ రికార్డర్‌కి కూడా ఎస్‌ఎస్‌డీ వేయమన్నారు, వద్దన్నాను. అది ఇరవై నాలుగు గంటలూ రాస్తూనే ఉంటుంది, వేగం అక్కర్లేదు, కెపాసిటీ కావాలి. దానికి నిఘా కెమెరాల కోసం చేసే హార్డ్ డిస్క్‌లే సరి.

బ్యాకప్ డిస్క్‌లుగా కూడా హార్డ్ డిస్క్‌లే తీసుకున్నాం, 2 టీబీవి రెండు. ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండా బీరువాలో పడేస్తే అందులోని చార్జ్ మెల్లగా కారిపోతుంది. పూర్తిగా అరిగిన మామూలు ఎస్‌ఎస్‌డీ డేటా నిలుపుకోవాలని చిప్‌ల ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ అడిగేది 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది మాత్రమే, చెన్నై గదుల్లో 30 ఎన్నాళ్ళుంటుంది? ఒక డిస్క్ ఆఫీసులో, రెండోది శనివారం ఓనర్ గారి బ్యాగ్‌లో ఇంటికి, వారం వారం మారుతూ. రోజువారీది మన దేశంలోని సర్వర్‌కి పోతుంది.

మొత్తం ఖర్చు, పన్నుతో సహా సుమారుగా. టవర్ ఎస్‌ఎస్‌డీ 5 వేలు, అకౌంట్స్ రెండిటికి కలిపి 7 వేలు, ల్యాప్‌టాప్‌ది 3,500, బ్యాకప్ డిస్క్‌లు 12 వేలు, బ్యాటరీ, కేబుల్ కలిపి 1,100, మా కూలి 12 వేలు. 40,600. అక్టోబర్‌లో మూడు కౌంటర్లు 51 వేలు. లక్ష దాటలేదు. మొదటి కొటేషన్ 5 లక్షల 40 వేలు. ఈ రేట్లు అప్పటివి, ఆ ఏడాది ఆఖరుకే మెమరీ ధరలు ఎగబాకాయి కాబట్టి ఇప్పుడు ఇవే అంకెలతో ఎవరితోనూ బేరానికి దిగకండి.

22న ఏమైందంటే, ఏమీ కాలేదు. మాస్టర్లలో రేట్లు మార్చడానికి అకౌంట్స్ వాళ్ళు తెల్లారకముందే వచ్చారు, పదకొండుకి పార్సిల్ వాన్ కింద నిలబడి ఉంది. ఆ వారంలో నాకు వచ్చిన ఒకే ఒక్క ఫోన్ ప్రింటర్ గురించి.

మిగిలిన పని టవర్ బాక్స్. అది ఆరో తరం, విండోస్ 11కి పనికిరాదు. మార్చి 31 ముగింపు లెక్కల హడావుడి మొదలవకముందే దాన్ని మార్చాలని రాసిచ్చాను, ఎస్‌ఎస్‌డీ అందులోంచి తీసి కొత్తదాంట్లో పెడతాం. పాత 1 టీబీ డిస్క్ నెల రోజులు పెద్దాయన బీరువాలో ఉంచి, తర్వాత చెరిపి, డ్రిల్ వేసి తుక్కులో ఇచ్చేశారు. ఎస్‌ఎస్‌డీ వారంటీ కార్డులు మాత్రం ఆయన దగ్గరే ఉన్నాయి, వాటి వెనక ఒక మాట రాయించాను: చచ్చిపోయిన ఎస్‌ఎస్‌డీని చెరపడం కుదరదు, వారంటీకి పంపితే మన డేటా కూడా దాంతోపాటే వెళ్తుంది, పంపే ముందు ఫోన్ చేయండి.